పేరు 800... లెక్క 796!

మా ఇంట్లో బండ్ల కాగితాలు చూసుకునేది నేనే. మావారికి తోలడం వచ్చు గానీ కాగితం దాచడం రాదు. ఇన్సూరెన్సు ఎప్పుడు కట్టాలి, పొల్యూషన్ సర్టిఫికెట్ ఎప్పటితో అయిపోతుంది, ఆర్సీ ఏ కవర్లో ఉంది... అన్నీ బీరువాలోని ఆకుపచ్చ ఫైల్లో నా చేతి కిందే ఉంటాయి. మామగారి కాలం నుంచీ ఈ ఇంటికి వచ్చిపోయిన బండ్లన్నిటి కాగితాలూ అందులో ఉన్నాయి. అమ్మేసిన వాటి జిరాక్సులు కూడా పారేయలేదు. మనకు పారేయడం ఎక్కడ చేతనవుతుంది కనక!

ఆ ఫైలు తిరగేస్తుంటే ఓసారి ఒక సంగతి కంట్లో పడింది. మామగారి బులెట్టు పేరు 350. ఆర్సీలో 'క్యూబిక్ కెపాసిటీ' అని ఒక గడి ఉంటుంది చూడండి, అందులో ఉన్నది 346. మా పెళ్లినాటి హీరో హోండా సీడీ 100కి కాగితంలో 97. ఆ తర్వాత కొన్న మారుతి 800కి 796. ఇక నేను తోలే యాక్టివా పేరు చివర 6జీ అని ఉంది, కాగితంలో 109! పేరులోని అంకె, కాగితంలోని అంకె ఒక్క బండికీ కలవలేదు. ఇదేదో కంపెనీలన్నీ కూడబలుక్కుని చేసినట్టుందే అనిపించింది.

మావారిని అడిగితే "అంతేలే, అదేదో లెక్క" అన్నారు. మగవాళ్లకు బండి గురించి తెలియదని ఒప్పుకోవాల్సి వచ్చినప్పుడు చెప్పే మాట అది! దాంతో మెకానిక్కునీ, ఇన్సూరెన్సు ఏజెంటునీ, ఇంజనీరింగు చదివిన మా అక్క కొడుకునీ వరసగా కూర్చోబెట్టి అడిగాను. తెలిసింది మీకూ చెప్తాను. మా బుచ్చిరెడ్డిపాలెంలో (ఊళ్లో అందరం బుచ్చి అనే అంటాం లెండి) స్కూటరేసుకుని నెల్లూరు దాకా ఉద్యోగాలకు పోయి వచ్చే ఆడవాళ్లు ఎంతోమంది. కారు కొనే ఇళ్లలోనూ చీటీ పాడి డబ్బు కూడబెట్టేది ఇల్లాలే. షోరూములో మాత్రం సేల్సు కుర్రాడు మన పక్కనున్న మగమనిషి మొహం చూసే మాట్లాడతాడు. మనకు చెప్పేదల్లా రంగులు, సీటు కవర్లు!

సీసీ అంటే ఏంది?

పిల్లలకు మందు పట్టే సిరంజి గుర్తు తెచ్చుకోండి. పుల్ల వెనక్కి లాగితే లోపలికి ఐదు మిల్లీలీటర్ల మందు వచ్చిందనుకోండి, ఆ ఐదే దాని సీసీ. మిల్లీలీటరన్నా, క్యూబిక్ సెంటీమీటరన్నా, సీసీ అన్నా ఒకటే. ఇంజన్లో సిలిండరు అనేది ఆ గొట్టం, పిస్టను అనేది ఆ పుల్ల చివర రబ్బరు. పిస్టను కిందికీ పైకీ కదిలేటప్పుడు ఎంత జాగా ఊడుస్తుందో అంతే ఆ సిలిండరు కొలత. ఇంజన్లో సిలిండర్లు ఎన్నుంటే అన్నిటినీ కూడాలి.

మారుతి 800లో గొట్టం వెడల్పు 68.5 మిల్లీమీటర్లు, పిస్టను కదిలే దూరం 72 మిల్లీమీటర్లు. ఇంట్లో పదో తరగతి పిల్లలుంటే లెక్క వేయించండి, ఒక్కో సిలిండరుకు 265 చిల్లర వస్తుంది. సిలిండర్లు మూడు. మొత్తం 796. అంటే 1983 డిసెంబరు నుంచి 2014 జనవరి దాకా తయారై, దేశంలో మధ్యతరగతి ఇళ్లకు మొదటి కారుగా వచ్చిన ఆ బండి ఇంజను కొలత మనం బస్సులో తాగే లీటరు నీళ్ల సీసా అంత కూడా లేదన్నమాట!

గొట్టం వెడల్పు, పిస్టను నడక ఇంజనీర్లు బలాన్ని బట్టి, వేడిని బట్టి, ఉన్న యంత్రాలను బట్టి ఖాయం చేసుకుంటారు. హెచ్చిస్తే సరిగ్గా గుండు అంకె ఎందుకు వస్తుంది? వచ్చిందే వస్తుంది. ఆ తర్వాత పేరు పెట్టేవాళ్లు దాన్ని నోటికి తేలికగా తిరిగే అంకెకు సవరిస్తారు. వెనకటి ఫియట్ 1100 కారుకు ఇంజను 1,089. 1990లో వచ్చిన మారుతి 1000కి 970. యమహా ఆర్ఎక్స్ 100కి, కైనెటిక్ హోండాకి 98. 'మారుతి ఏడువందల తొంభై ఆరు' అని ఎవరంటారు చెప్పండి? 796కీ 800కీ తేడా నాలుగు సీసీలు. టీ చెంచాడు కూడా కాదు. వెయ్యి చదరపు అడుగుల ఫ్లాటు అని కొంటే లోపల చాప పరిచే జాగా ఎంతో మనకు తెలియనిదా! దాంతో పోలిస్తే ఈ నాలుగు సీసీలు ఏపాటి?

ఇంతకీ ఈ సవరింపు ఎప్పుడూ పైకే ఉంటుందనుకోవద్దు. రాయల్ ఎన్‌ఫీల్డ్ వారి హిమాలయన్ 450కి అసలు లెక్క 452. అక్కడ పేరే రెండు తక్కువ!

బియ్యం బస్తా, కారు ఇంజను

మరి చాలా బండ్లకు అసలు అంకె గుండు అంకెకు రవ్వంత కిందే ఎందుకు ఆగుతుంది? ఈ ప్రశ్నకు జవాబు మా బుచ్చి వాళ్లకు సులువుగా తెలుస్తుంది. మాది వడ్ల సీమ. కనిగిరి రిజర్వాయరు నీళ్లతో పండే చేలు మాకు చుట్టూరా ఉన్నాయి. బియ్యం బస్తాల సంగతి మాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

2022 జూలై 18 నుంచి పాతిక కిలోల దాకా ప్యాక్ చేసి ముద్ర వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వేశారు గుర్తుందా? వెంటనే ఏమైంది? అంగళ్లలోకి 26 కిలోల బస్తాలు వచ్చేశాయి. ఎక్కడన్నా 26 కిలోల బస్తా అంతకు ముందు చూశామా? ఎవరికి కావాలి ఆ ఒక్క కిలో? పన్ను గీత దాటడానికి కావాలి, అంతే. కార్ల వాళ్లదీ అదే తెలివి. అయితే వాళ్లు గీత దాటరు, గీతకు ఇవతలే ఆగుతారు.

2006 బడ్జెట్లో చిన్న కార్లకు ఎక్సైజు సుంకం 24 శాతం నుంచి 16కి తగ్గించారు. చిన్న కారంటే ఏది? పొడవు నాలుగు మీటర్లు మించకూడదు, పెట్రోలు ఇంజను 1,200 సీసీ మించకూడదు, డీజిలు అయితే 1,500 మించకూడదు. అప్పటి నుంచి మన దేశంలో వచ్చిన పెట్రోలు బండ్ల కాగితాలు చూడండి. 1,197, 1,198, 1,199! స్విఫ్టుకి 1,197. హ్యుందాయ్ ఐ20కి 1,197. ఒకే దర్జీ కుట్టినట్టు! వెనక '1.2' అని రాస్తారు, నిజానికది 1.2కి మూడు సీసీలు తక్కువ. ఆ మూడూ ఎక్కువైతే కొనేవాళ్ల నెత్తిన ఎంత పడుతుందో తెలుసా? 2025 సెప్టెంబరు 22న మారిన జీఎస్టీ ప్రకారం గీతకు ఇవతలున్న చిన్న కారుకు 18 శాతం, అవతలున్న దానికి 40 శాతం. మోటారు సైకిళ్లకు గీత 350 దగ్గర. ఇప్పటి క్లాసిక్ 350కి ఇంజను 349 సీసీ అంటే ఊరికే కాదు మరి.

ఇంతకన్నా వింత ఇంకొకటుంది. ఢిల్లీలో గాలి పాడవుతోందని 2015 డిసెంబరులో సుప్రీంకోర్టు 2,000 సీసీ, ఆ పైన ఉన్న డీజిలు బండ్ల రిజిస్ట్రేషను ఆపేసింది. మహీంద్రా వారి స్కార్పియో, ఎక్స్‌యూవీ 500 బండ్లకు అప్పటికి ఇంజను 2,179 సీసీ. నెల తిరిగేసరికి అదే బండ్లు 1,990 సీసీ ఇంజన్లతో ఢిల్లీలో దిగాయి! పేరు అదే, ఒళ్లు అదే. 2016 ఆగస్టులో కోర్టు ఆ ఆంక్ష తీసేసింది. అంటే ఆ మధ్యకాలంలో అక్కడ కొన్న బండికీ, మన నెల్లూరులో కొన్న బండికీ బయట నుంచి చూస్తే తేడా తెలియదు. కాగితం తీస్తేనే తెలుస్తుంది.

అసలు కొలతే కాని అంకెలు

ఇప్పుడు నా యాక్టివా సంగతి. 2020లో దాన్ని కొత్తగా దింపినప్పుడు 6జీ అన్నారు. మా వీధిలో ఒకావిడ "ఫోను లాగా దీంట్లో నెట్టు వస్తుందా?" అని నిజంగానే అడిగింది. నవ్వకండి, ఆవిడ తప్పేం లేదు. ఫోనుకు 4జీ, 5జీ అని అలవాటు చేసింది వాళ్లే కదా! యాక్టివాకు 6జీ అంటే ఆరో తరం అని. సీసీతో దానికి చుట్టరికం లేదు.

ఐ10 అంటే వెయ్యి సీసీ, ఐ20 అంటే రెండు వేలు అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మొదటి ఐ10లో 1,086 సీసీ ఇంజనుండేది. ఐ10, ఐ20 అన్నవి చిన్నదీ, దానికన్నా పెద్దదీ అని తెలియడానికి వేసిన మెట్లు, అంతే. ఎక్స్‌యూవీ 700లో ఏడొందలు ఏమిటో వెతకాల్సిన పని లేదు. దాని పెట్రోలు ఇంజను దాదాపు 2,000 సీసీ, డీజిలు 2,200కి దగ్గర. 500 అనే పేరుకు పెద్దన్న కనక 700 అయింది. మన ఇళ్లలో సుబ్బారావు తమ్ముడికి వెంకట్రావు అని పెట్టినట్టు.

జర్మనీ వాళ్ల గోల

మా తోడికోడలి తమ్ముడు జర్మనీలో ఉద్యోగం చేస్తున్నాడు. వాళ్ల ఊళ్లో బెంజి కార్ల వెనక అంకెలు చూసి నమ్మితే మునిగినట్టేనట. 'మన దగ్గర నాలుగు సీసీల తేడా అయితే, ఇక్కడ రెండు మూడు లీటర్ల తేడా వదినా' అన్నాడట. అబద్ధమేమోనని మా అక్క కొడుకు చేత పుస్తకాలు తిప్పించాను. నిజమే!

ఒకప్పుడు అక్కడా అంకె అంటే ఇంజనే. 200 అంటే రెండు లీటర్లు, 280 అంటే రెండు లీటర్ల ఎనిమిది వందలు. చిక్కు ఎక్కడొచ్చిందంటే, 1982లో బెంజి వాళ్లు చిన్న కారు ఒకటి తెచ్చారు. దాని ఇంజను 1,997 సీసీ. అంటే 200 అని పెట్టాలి. కానీ అప్పటికే పెద్ద కారుకు 200 అని పేరుంది. చిన్నదానికీ అదే పేరు పెడితే పెద్దది కొన్నవాళ్ల పరువేం గాను? అందుకని 190 అన్నారు. ఇంజను ఉన్నదున్నట్టే, పేరు మాత్రం పది మెట్లు కిందికి! ఇంటికొచ్చిన చిన్న కోడలి పేరూ పెద్ద కోడలి పేరూ ఒకటైతే చిన్నావిడ పేరు మార్చి పిలిచేవాళ్లు చూడండి, అచ్చం అలాగే.

బీఎండబ్ల్యూ వాళ్లు అదే కాలంలో 325ఈ అని ఒకటి అమ్మారు. పేరు ప్రకారం రెండున్నర లీటర్లుండాలి, ఉన్నది 2.7. ఇప్పుడైతే మరీ విచిత్రం. 320, 330 అని రెండు పెట్రోలు కార్లున్నాయి. పేర్లు వేరు, ధరలు వేరు. రెంటిలోనూ ఇంజను 1,998 సీసీయే! బెంజి సీ 200లో ఉన్నది ఒకటిన్నర లీటరు ఇంజను. సీ 63 అని వేగానికి పేరుపడిన కారుంది. మొదట్లో దాని ఇంజను 6,208 సీసీ, అంటే న్యాయంగా 62 అనాలి. 2022లో చూపించిన కొత్త దానిలో రెండు లీటర్ల ఇంజనూ, తోడుగా కరెంటు మోటారూ ఉన్నాయి. వెనక మాత్రం ఇంకా 63 మెరుస్తూనే ఉంది.

దీనికి కారణం టర్బో. కమ్మరి కొలిమి చూశారు కదా. బొగ్గులు అన్నే, గుంత అంతే. తిత్తి ఊదితే మంట నాలుగింతలవుతుంది. టర్బో అంటే ఇంజనుకు తిత్తి. గాలిని బలంగా లోపలికి తోస్తుంది, దాంతోపాటు ఎక్కువ పెట్రోలు మండించొచ్చు. అందుకే వెనకటి పెద్ద ఇంజను చేసే పని ఇప్పుడు చిన్న ఇంజను చేస్తుంది. యూరప్‌లో పొగ నిబంధనలు బిగించేసరికి అందరూ ఇంజన్లు చిన్నవి చేసి తిత్తులు తగిలించారు. కానీ నిన్నటిదాకా 330 తోలినాయన కొత్త కారుకు 320 అని ఉంటే కొంటాడా? అందుకని పాత అంకె ఉంచేశారు. ఇప్పుడా అంకె కొలత కాదు, 'వెనకటి ఫలానా బండి అంత బలం' అని చెప్పే గుర్తు. 2017లో ఆడి కంపెనీ ఈ గొడవెందుకని ఇంజను కొలతను వదిలేసి, బలాన్ని బట్టి 30, 35, 40 అని అంకెలు వేయడం మొదలుపెట్టింది. ఆ అంకెలు కూడా నేరుగా హార్సుపవరు కాదు, మళ్లీ వాటికొక పట్టిక!

జర్మనీలో కొత్త కారు కొనేటప్పుడు వెనక అంకె అసలు అంటించకుండా ఇమ్మని అడగొచ్చట, డబ్బు తీసుకోరట. చిన్న ఇంజను కొన్నామని పక్కింటివాళ్లకు తెలియకూడదని కొందరు, పెద్దది కొన్నామని తెలియకూడదని కొందరూ అడుగుతారట. మన దగ్గర తంతు దీనికి తలకిందులు. లేని అంకె తెచ్చి అంటించుకుంటాం. అసలు కథ ఇక్కడే ఉంది.

మా చెల్లెలి కారు బేరం

మా చెల్లెలు కోవూరులో బట్టలు కుడుతుంది. మా అమ్మ దాని దగ్గరే ఉంటుంది. అమ్మకు కిడ్నీ జబ్బు, వారానికి రెండుసార్లు నెల్లూరు ఆస్పత్రికి తీసుకుపోయి, సాయంత్రం నీరసంగా ఉన్న మనిషిని జాగ్రత్తగా వెనక్కి తేవాలి. ఆటోలో ఆ కుదుపులకు అమ్మ తట్టుకోలేకపోతోందని, రెండేళ్లు కట్టిన చీటీ పాడి పాత కారు కొందామనుకుంది చెల్లెలు. తను తోలడం నేర్చుకుంది కూడా.

ఒక బ్రోకరు వ్యాగన్ఆర్ చూపించాడు. శుభ్రంగా ఉంది. వెనక 1.2 అని, పక్కన జెడ్ఎక్స్ఐ అని వెండి అక్షరాలు. 2019 నుంచి వచ్చిన ఈ కారులో రెండు రకాల ఇంజన్లున్నాయి. ఒకటి 998 సీసీ, రెండోది 1,197. బయటి ఒళ్లు ఒకటే. "1.2 గదమా, లాగుడు బాగుంటది. అందుకే అరవై వేలు ఎక్కువ" అన్నాడు. చెల్లెలు నాకు ఫోన్ చేసింది. ఆర్సీ ఫొటో తీసి పంపమన్నాను. గడిలో 998 అని ఉంది.

అడిగితే ఆ పెద్దమనిషి ఏమన్నాడో వినండి. "కంపెనీవోళ్లు అట్నే ఏస్తారు గదమా. మారుతి 800 అంటే 796 ఉండ్లా? ఇదీ అంతే."

చూశారా తెలివి! ఇంతసేపూ మీకు చెప్పిన నిజాన్నే అతను అబద్ధానికి అడ్డం పెట్టుకున్నాడు. మా చెల్లెలు దర్జీ కదా, కొలతల దగ్గర దాన్ని మాయ చేయడం కష్టం. "అన్నా, నాలుగు తక్కువైతే సవరింపు. నూట తొంభై తొమ్మిది తక్కువైతే అది వేరే గుడ్డ" అంది. 998ని సవరిస్తే 1.0 అవుతుంది గానీ 1.2 ఏ లెక్కన అవుతుంది? ఆ అక్షరాలు కారు సామాన్ల అంగట్లో రెండు మూడొందలకు దొరికే స్టిక్కర్లు. జెడ్ఎక్స్ఐ కూడా అంతే. అది పై రకం పేరు, అందులో ఉండే సరంజామా ఏదీ ఈ కారులో లేదు.

నాలుగు రోజుల తర్వాత అతనే ఫోన్ చేసి ఆ అరవై వేలు వదులుకున్నాడు. చెల్లెలు ఆ కారే తీసుకుంది. కోవూరు నుంచి నెల్లూరుకి 998 చాలు. పైగా 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం వెయ్యి సీసీ మించని కారుకు థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఏడాదికి 2,094 రూపాయలు. వెయ్యి దాటి 1,500 దాకా 3,416. పైన 7,897. ఏజెంటు స్టిక్కరు చూసి 1.2 అని రాసుకుంటే ఊరికే పదమూడు వందలు ఎక్కువ కట్టేది. పాలసీలో ఒకటీ ఆర్సీలో ఒకటీ ఉంటే రేపు క్లెయిము వేళ తిరగలేక చావాలి. మోటారు సైకిళ్లకూ ఇంతే, 150 నుంచి 350 దాకా 1,366 రూపాయలు, 350 దాటితే 2,804. పిల్లవాడు 'సుమారు మూడొందల యాభై' అన్నప్పుడు ఆ సుమారు ఏ పక్కకో అడగండి.

పదహారేళ్ల పిల్లలున్న తల్లులకు ఒక మాట. మన వైపు గేర్లు లేని బండి ఏదైనా 'స్కూటీ'యే. చిన్న బండే కదా అని ట్యూషనుకు ఇచ్చి పంపుతాం. చట్టం పదహారేళ్లకు ఒప్పుకునేది 50 సీసీ మించని బండికి మాత్రమే. వెనకటి టీవీఎస్ 50 లాంటివి ఆ లెక్కలోకి వచ్చేవి. యాక్టివా 109. పద్దెనిమిది నిండని పిల్లలు దాన్ని తోలితే 2019లో సవరించిన చట్టం ప్రకారం తల్లిదండ్రులకు 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు కూడా పడొచ్చు.

కొనే బండి ఏదైనా ఆర్సీలో చూడాల్సిన గడి ఆ క్యూబిక్ కెపాసిటీదే. కార్డు మీద కనపడకపోతే ఫోన్లో ఎం-పరివాహన్ యాప్ ఉంది, అందులో చూడొచ్చు. ఛాసిస్ నంబరు కాగితంలోదీ బండి మీదిదీ పక్కపక్కన పెట్టి ఒక్కొక్క అక్షరం సరిచూసుకోండి. ఎలక్ట్రిక్ బండ్లకు పిస్టనే లేదు కనక సీసీ ఉండదు. వాటి ఇన్సూరెన్సు కిలోవాట్ల లెక్కన కడతారు, బ్యాటరీని కిలోవాట్ అవర్లలో కొలుస్తారు. ఈ రెండూ ఒకటి కావు. మొదటిది మోటారు బలం, రెండోది బ్యాటరీలో పట్టే కరెంటు. మన ఇంటి మీటరు మీద తిరిగే యూనిట్లు ఆ రెండో రకమే.